పదకొండు దగ్గర ఆగిన లెక్క

రెండువేల ఆరో సంవత్సరం వచ్చేసరికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మనిషికి మనిషి ఎదురైతే అన్నం తిన్నావా అని అడగడం మానేశారు. "నీదెంతొచ్చింది?" అని అడిగేవారు. ఎంతొచ్చిందంటే పంటా కాదు, జీతమూ కాదు, రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత వచ్చిందని. సంతకం పెట్టడం రాని ముసలమ్మలు కూడా ఆ మాటను తడబడకుండా పలికేవారు. ఒకటి లోపుంటే కిడ్నీలు క్షేమం. రెండు దాటితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగినా వెలగనట్టే.

సుమ్మాదేవి స్టేషనుకు మైలు దూరంలో ఉన్న ఒక ఊళ్ళో బొడ్డమ్మకీ ఆమె పెనిమిటి కామేశ్వరరావుకీ మూడెకరాల కొబ్బరితోట, ఎకరం జీడితోట ఉన్నాయి. వాళ్ళ ఇంట్లో ఆ అంకె అంటే వేళాకోళం కాదు. కామేశ్వరరావు అన్న రామూర్తి రెండేళ్ళ కిందటే కిడ్నీలు పాడై పోయాడు. వారానికి రెండుసార్లు రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి రక్తం కడిగించుకు వచ్చేవాడు. ఆఖరి నెలల్లో ఆయనకి గంజి తాగించింది బొడ్డమ్మే. అందుకని ఊరి బడి అరుగు మీద పరీక్షల శిబిరం పెట్టి, మొగుడూ పెళ్ళాలిద్దరి చేతుల్లోంచీ రక్తం తీసుకున్నాక, కాగితాలు వచ్చేదాకా ఎనిమిది రోజులు బొడ్డమ్మ గొంతులోకి ముద్ద దిగలేదు. మొగుడి పాదాలు ఉబ్బాయేమోనని నిద్రపోతున్న మనిషి కాళ్ళు నొక్కి చూసేది. ఆయనేమో తన మీద ప్రేమ పెరిగిందనుకుని రెండో కాలు కూడా చాపేవాడు.

తొమ్మిదో రోజున ఆరోగ్య కార్యకర్త హిమజ కాగితాలు పట్టుకుని వచ్చింది. బొడ్డమ్మకి మూడణాలు తక్కువ రూపాయి అన్నట్టు సున్నా పాయింటు ఎనిమిది. కామేశ్వరరావుకి సున్నా పాయింటు తొమ్మిది. బొడ్డమ్మ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది.

"ఆగు పిన్నీ, రెండో అంకె కూడా సూడాల," అంది హిమజ. "బాబాయికి బీపీ నూట తొంభై ఉంది. ఈ మాత్ర రోజుకొకటి మింగాల. పలాస ఎల్లి డాక్టరమ్మకి సూపించుకోవాల."

"కిడ్నీ బాగుందా నేదా? అదొక్కటి సెప్పు."

"బాగుంది."

"మరింకేటి?"

హిమజ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. వినేవాళ్ళు ఎవరు? బొడ్డమ్మ అప్పటికే ఎండుచేపల బుట్ట దించుతోంది. ఆ పూట వంకాయ, ఎండుచేపల పులుసు, ఆవకాయ, పెసరప్పడాలు. ఎనిమిది రోజుల ఉపవాసానికి వడ్డీతో సహా తిన్నారిద్దరూ. ఇల్లలకగానే పండగ కాదని పెద్దలు ఊరికే అనలేదు గానీ, ఆ రోజు ఆ ఇంట్లో అలకకుండానే పండగ చేసేశారు.

ఇక మాత్రల సంగతి. రామూర్తి బతికున్న రోజుల్లో మోకాళ్ళ నొప్పులకని పలాస సంతలో దొరికిన మాత్రనల్లా శనగల్లా నమిలేవాడు. కిడ్నీ జబ్బు బయటపడ్డాక విశాఖ డాక్టరు, ఆ నొప్పి మాత్రలు కూడా కొంప ముంచాయని తిట్టాడు. బొడ్డమ్మ ఆ తిట్టులో ఒక్క ముక్క మాత్రం గట్టిగా పట్టుకుంది: మాత్ర అన్నది కిడ్నీకి శత్రువు. నొప్పి మాత్రా, బీపీ మాత్రా, జలుబు మాత్రా అన్న తేడా ఆమెకి లేదు. అందుకని హిమజ ఇచ్చిన మాత్రల అట్టను ఇంటి చూరులో దోపేసింది. బీపీ ఎవడికి లేదు, మా ఇంట్లో పుంజుకి కూడా ఉంటుంది అని నవ్వేసింది. కామేశ్వరరావు ఒకసారి మాత్రలేవని అడిగాడు. బాగున్న కిడ్నీని చేతులారా పాడుచేసుకుంటావా అని ఆమె అడిగేసరికి, మింగే పని తప్పినందుకు ఆయనా సంతోషించాడు.

కామేశ్వరరావుకి తోట ఉన్నా, ఊళ్ళో పేరొచ్చింది మాత్రం తోట వల్ల కాదు, గొంతు వల్ల. ఆ చుట్టుపక్కల ఏ తోటలో కాయ దింపినా లెక్కపెట్టడానికి ఆయన్నే పిలిచేవారు. చేతికి రెండేసి కాయల చొప్పున నాలుగు కాయలు, అంటే ఒక పుంజీ, ఒక్క విసురులో అవతలి రాశిలోకి వేస్తూ రాగం తీసి లెక్కపెట్టేవాడు. ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టడం ఆ లెక్కకి ఆనవాయితీ. లాభం, రెండు, మూడు అంటూ పాతిక పుంజీలు అయితే వంద కాయలు. వందకి ఒక కాయ పక్కన పెట్టి మళ్ళీ లాభం. వెయ్యి కాయలు వేసినా ఆ రాగం తెగేది కాదు, ఆ నడక తప్పేది కాదు.

బొడ్డమ్మకి ఆ రాగం అంటే ఒళ్ళుమంట. ముప్పై రెండేళ్ళుగా వంటింట్లో కూర్చుని వింటోంది. కాయలు కొనే వర్తకుడు తిరుమలరావు ఆమెకి స్వయానా తమ్ముడే. వాడికి అనుమానం జాస్తి. సగంలో ఏదో మాట్లాడించి, లెక్క తప్పింది బావా మళ్ళీ మొదట్నించి అనేవాడు. ఈయన మళ్ళీ మొదలుపెట్టేవాడు. వండిన అన్నం చల్లారిపోయేది. అలాంటప్పుడు బొడ్డమ్మ వంటింట్లోంచే మొగుణ్ణీ, తమ్ముణ్ణీ, కొబ్బరి చెట్టునీ, దాన్ని పుట్టించిన దేవుణ్ణీ కలిపి తిట్టేది.

వైశాఖ మాసంలో ఒక పొద్దున్న పెరట్లో మూడువేల కాయ రాశి పోసి ఉంది. తిరుమలరావు తెచ్చిన లారీ సగం నిండింది. బొడ్డమ్మ వంటింట్లో చేపలు కడుగుతోంది. ఆమె నోట్లో అడ్డచుట్ట ఉంది. ఆ పక్క ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని పీలుస్తారు. గాలికి ఆరిపోదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. బయట లెక్క సాగుతోంది. ఎనిమిది, తొమ్మిది, పది. తరవాత మళ్ళీ పది. తరవాత మళ్ళీ పది.

తమ్ముడు మళ్ళీ ఏదో గొడవ పెట్టుకున్నాడనుకుంది బొడ్డమ్మ. తిట్టడానికి నోట్లోంచి చుట్ట తీసింది. ఇంతలో ఆ పది కూడా పది కాకుండా పోయింది. ప, ప అన్న చప్పుడేదో వచ్చింది. కాయలు నేల మీద పడి దొర్లిన శబ్దం వినిపించింది. ముప్పై రెండేళ్ళలో ఆయన చేతిలోంచి కాయ జారడం ఆమె వినలేదు. చేప అక్కడే పడేసి పరిగెత్తింది.

కామేశ్వరరావు రాశి పక్కన కూలబడి ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పడి ఉంది. ఆ చేతిని ఆయన తనది కానట్టు చూస్తున్నాడు. నోరు ఎడమ పక్కకి లాగేసింది. ఏదో చెప్పాలని ప్రయత్నిస్తున్నాడు, మాట రావడం లేదు. బొడ్డమ్మని చూసేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎండదెబ్బ అని తిరుమలరావు మజ్జిగ తెమ్మన్నాడు. గాలి సోకిందని ఒకామె అంది. పావురం కోసి ఆ నెత్తురు రాస్తే చెయ్యి తిరిగి వస్తుందని ఇంకొకాయన పావురాల గూటి వైపు పరిగెత్తాడు.

బొడ్డమ్మకి ఒక్క క్షణం చెవుల్లో హిమజ గొంతు వినిపించింది. రెండో అంకె కూడా సూడాల. చూరు వైపు చూసింది. మాత్రల అట్ట అక్కడే ఉంది, మూడు నెలల దుమ్ముతో.

"తిరుమలా, లారీ మీద కాయలు ఉంటే ఉన్నాయి, పోతే పోయాయి. మీ బావని బండెక్కించు," అంది. "మజ్జిగ ఒద్దు, నీల్లొద్దు, ఏటీ నోట్లో పొయ్యకండి. బైరాగీ, పలాస పోనీ. బేగి."

డ్రైవరు బైరాగి వెంటనే బండి తిప్పాడు. ముందు సీట్లో బైరాగికీ తనకీ మధ్య మొగుణ్ణి కూర్చోబెట్టి, ఆ కుడిచెయ్యిని తన రెండు చేతుల మధ్యా పట్టుకుంది. చచ్చిన చేప కూడా అంత మెత్తగా జారదు. వెనక సగం లారీ కాయలు గొడగొడమని దొర్లుతున్నాయి. దారి పొడుగునా ఆమె మొక్కని దేవుడు లేడు. మంచం పట్టినా సరే, బతికి ఉంటే చాలు స్వామీ అని మొక్కింది. కాసేపటికి, కాదు కాదు, మంచం పట్టొద్దు, ఆ పాడు రాగం నాకు కావాలి అని మొక్కు సవరించుకుంది.

పలాస రైల్వే గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు వేసేశారు. ఎదురుగా గూడ్సు బండి, బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి. ఎంతకీ తరగవు. బైరాగి స్టీరింగు మీద చేత్తో కొట్టుకుంటున్నాడు. బొడ్డమ్మ కళ్ళు మూసుకుంది. అప్పుడు ఆమె చెవి పక్కన ఎవరో సణిగినట్టు వినిపించింది.

"పద...కొండు."

ఆమె కళ్ళు తెరిచింది. కామేశ్వరరావు రైలుకేసి చూస్తున్నాడు. పెదవులు తడబడుతున్నాయి. నత్తి నత్తిగా పన్నెండు అన్నాడు. పదమూడు అన్నాడు. పద్నాలుగు, పదిహేను అనేసరికి నాలుకకి మళ్ళీ దారి తెలిసినట్టయింది. ఆమె చేతుల మధ్య ఉన్న వేళ్ళు కదిలాయి. పాతిక అయ్యాక అలవాటు కొద్దీ ఆగి, మళ్ళీ లాభం అని మొదలుపెట్టాడు. ఆఖరి పెట్టె దాటి గార్డు పచ్చజెండా కనపడేసరికి మనిషి పూర్తిగా మనిషయ్యాడు. యాభై ఎనిమిది పెట్టెలు అని తేల్చాడు. బైరాగి దండం పెట్టాడు, రైలుకో దేవుడికో తెలీదు. బొడ్డమ్మ మాత్రం, గేటు దగ్గర ఆగిన జనమంతా చూస్తుండగా, గట్టిగా ఏడ్చింది. అంత హాయిగా ఆమె జీవితంలో ఎప్పుడూ ఏడవలేదు.

గేటు లేచింది. కామేశ్వరరావు నోరు తుడుచుకుని, చెయ్యి రెండుసార్లు మూసి తెరిచి చూసుకున్నాడు.

"తగ్గిపోనాది కదే. ఎనక్కెల్పోదాం," అన్నాడు. "కాయలు ఎండన ఉన్నాయి."

బొడ్డమ్మకి కూడా ఒక్క క్షణం అలాగే అనిపించింది. ఆ మాట దాచడం ఎందుకు? వెనక్కి వెళ్ళిపోయి, పులుసు పెట్టుకుని తిని, దేవుడు చల్లగా చూశాడని పదిమందికీ చెప్పుకోవాలనిపించింది. మూడు నెలల కిందట కాగితం కళ్ళకద్దుకున్న రోజున కూడా సరిగ్గా ఇలాగే అనిపించింది.

"నోరు పడిపోయినప్పుడు నాను సెప్పినట్టు ఇన్నావు. ఒచ్చినాక కూడా ఇను," అంది. "బైరాగీ, బండి పోనీ."

డాక్టరు ప్రమోదిని పలాసలో ఆసుపత్రి పెట్టి రెండేళ్ళయింది. హైదరాబాదులో పెరిగిన పిల్ల. బీపీ చూసి, నమ్మకం కుదరక రెండో చేతికి కూడా చూసింది. రెండు వందల పది. చెయ్యి ఎత్తమంది, నవ్వమంది, పెన్ను చూపించి ఇదేమిటంది. అన్నీ బాగానే ఉన్నాయి. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమంది.

"లాభం, రెండు, మూడు," అని మొదలుపెట్టాడు కామేశ్వరరావు.

డాక్టరమ్మ రాత ఆపేసింది. మళ్ళీ చెప్పమంది, ఒకటి నుంచి. ఆయన ఇంకాస్త శ్రద్ధగా లాభం అన్నాడు. ఆవిడ ముఖం మారిపోయింది. కళ్ళలోకి టార్చి వేసి చూసింది. నర్సుని పిలిచి అంబులెన్సుకి ఫోను చెయ్యమంది, మాట ఇంకా తప్పుతోంది అని చెప్పింది. కామేశ్వరరావు బెదిరిపోయాడు. తనకి వినపడుతున్నది ఒకటీ, నోట్లోంచి వస్తున్నది ఒకటీ కాబోలని భయపడి ఈసారి గట్టిగా అరిచినట్టు లాభం అన్నాడు. బొడ్డమ్మ కూడా హడలిపోయింది గానీ, ఒక్క నిమిషానికి సంగతి తట్టింది.

"కాయల లెక్క అలాగే మొదలెడతారు తల్లీ," అంది. "ఆడి అయ్య కూడా అలాగే లెక్కెట్టీవోడు. ఆడికి బాగుంటేనే అలాగంటాడు."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వింది. అంతసేపటికి ఆ గదిలో అందరూ సరిగ్గా ఊపిరి తీసుకున్నారు.

నవ్వాక ఆవిడ అసలు సంగతి చెప్పింది. తలలోకి వెళ్ళే రక్తనాళంలో చిన్న నెత్తురు గడ్డ అడ్డుపడింది, దానంతట అదే కరిగిపోయింది. ఇది హెచ్చరిక మాత్రమే. ఇంకోసారి వస్తే కరగకపోవచ్చు. అప్పుడు ఆ చెయ్యీ ఆ మాటా అలాగే ఉండిపోవచ్చు, పక్షవాతం అనేది అదే. తగ్గిపోయిందని దారిలోంచి వెనక్కి తిరిగి వెళ్ళేవాళ్ళే ఎక్కువ, వాళ్ళలో కొందరు రెండు రోజుల్లోనే స్ట్రెచరు మీద వస్తారు అంది. కామేశ్వరరావు పెళ్ళాం వైపు చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు.

ఇంతకు ముందు బీపీ ఉందని ఎవరూ చెప్పలేదా అని అడిగింది. బొడ్డమ్మ తలొంచుకుంది. దాచడానికి ఆమెకి మనసొప్పలేదు. మాత్రలు చూరులో దోపింది నానేనమ్మా, కిడ్నీ పోతుందని బయమేసింది అని చెప్పేసింది.

డాక్టరమ్మ తిట్టలేదు. "నొప్పి మాత్రలు వేరు, ఇవి వేరు," అంది. "బీపీ అలా వదిలేస్తే పాడయ్యేవాటిలో మొదటిది తల, రెండోది గుండె, మూడోది ఆ కిడ్నీయే. మీరు దాన్ని కాపాడుకోవాలనుకుని దానికే ముప్పు తెచ్చారు. ఈ మాత్ర తలనీ కాపాడుతుంది, కిడ్నీనీ కాపాడుతుంది."

ఆ మాట బొడ్డమ్మకి చెంపదెబ్బలా తగిలింది. అయినా ఆ దెబ్బలోనే ఒక హాయి ఉంది. చేతులు కాలకముందే ఆకులు దొరికాయి. శ్రీకాకుళంలో తల ఫొటో తీయించారు, మచ్చ ఏదీ మిగల్లేదన్నారు. మూడు రోజుల తరవాత రోజూ మింగాల్సిన మాత్రలతో, నాలుగు ఆంక్షలతో కామేశ్వరరావు ఇంటికొచ్చాడు. చుట్ట మానాలి. ఉప్పు తగ్గాలి. మోపెడ్ మీద కాకుండా కాళ్ళ మీద తిరగాలి. నెలనెలా బీపీ చూపించుకోవాలి.

మొదటిదాని దగ్గరే గొడవ మొదలైంది. నువ్వు మానితే నేను మానేస్తానన్నాడు కామేశ్వరరావు, అది జరిగే పని కాదని పూర్తి ధీమాతో. బొడ్డమ్మ పదహారో ఏట పట్టిన అడ్డచుట్ట. అత్తగారు పోయిన రోజున కూడా నోట్లోంచి తియ్యలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాట అన్నప్పుడు ఆమె నోట్లో సగం కాలిన చుట్ట ఉంది. దాన్ని తీసి కుడితి తొట్లో ముంచింది. చుయ్యిమంది. "నాది అయిపోనాది. ఇంక నీ వంతు," అంది. కామేశ్వరరావు తన చుట్టల కట్ట తెచ్చి అదే తొట్లో పడేశాడు. మర్నాడు గేదె ఆ కుడితి ముట్టుకోలేదు.

మానడం ఆమెకి తేలిగ్గా జరిగిందనుకోవద్దు. నోరు ఊరుకోదు, చెయ్యి ఊరుకోదు. పేడకళ్ళెత్తుతుంటే కావాలి, జీడిపిక్కలు కొడుతుంటే కావాలి. వేయించిన చింతగింజ ఒకటి బుగ్గన పెట్టుకుని పొద్దస్తమానం చప్పరించేది. పది రోజుల పాటు ఆమెతో మాట్లాడిన వాళ్ళందరూ తిట్లు తిన్నారు, పోస్టుమేనుతో సహా. అయినా ఒక్కనాడు ముట్టుకోలేదు.

ఉప్పు దగ్గర ఆమె పద్ధతి ఆమెది. మనిషికి రోజుకి ఒక చిన్న చెమ్చా, అన్నిటికీ కలిపి, అంతకు మించొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరికీ వారానికి ఎంతవుతుందో చెమ్చాతో కొలిచి, ఒక చిన్న కొబ్బరిచిప్పలో పోసి ఆదివారం పొద్దున్న పొయ్యి పక్కన పెట్టేది. చిప్ప అయిపోతే మళ్ళీ ఆదివారం దాకా ఉప్పు మాట ఎత్తకూడదు. ఎండుచేపల బుట్ట తమ్ముడికిచ్చేసి, పచ్చిచేప దొరికిన రోజున పచ్చిచేప, లేని రోజున ఆకుకూర వండేది. చింతపండూ, వెల్లుల్లీ, మిరియాలూ ఒక పట్టు ఎక్కువ వేసి మోసం చెయ్యాలని చూసేది గానీ కామేశ్వరరావు నాలుక మోసపోయే నాలుక కాదు. మన ఎద్దుకి పెట్టు, అది కూడా ఉప్పడుగుతుంది అనేవాడు. అంటూనే తినేవాడు. పొద్దున్నే సుమ్మాదేవి స్టేషను దాకా నడిచి, పాసింజరు వెళ్ళాక నడిచి వచ్చేవాడు.

నెల తిరిగింది. ఇద్దరూ ఎంతో ఆశగా పలాస వెళ్ళారు. బీపీ నూట డెబ్భై. డాక్టరమ్మకి అర్థం కాలేదు. మాత్ర మింగుతున్నాడా అని అడిగింది. రోజూ తనే నాలుక మీద పెడుతున్నానని బొడ్డమ్మ ఒట్టేసింది. ఇంకో పదిహేను రోజులు చూసి మాత్ర మారుద్దాం అంది డాక్టరమ్మ. తిరిగి వస్తుంటే బస్సులో బొడ్డమ్మ ఇన్నాళ్ళూ చేసినవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అన్నీ చేశాక కూడా దిగకపోతే ఇంక చేతిలో ఏముంది? పక్కన కామేశ్వరరావు తువ్వాలు కొస నలుపుతూ కూర్చున్నాడు. భయపడ్డాడు కాబోలనుకుంది.

మర్నాడు నూతి దగ్గర ఆయన తువ్వాలు ఉతుకుతుంటే కొసన ఒక ముడి తగిలింది. నలిపితే కరకరమంది. విప్పి చూసింది, నాలుగు తెల్లరాళ్ళు. నాలుక మీద వేసుకుంది. ఉప్పు.

ఇంట్లో ఉప్పు చిప్ప ఆమె కళ్ళ ముందే ఉంటుంది. మరి ఈ ఉప్పు ఎక్కడిది? ఆలోచించక్కర్లేకపోయింది. కొబ్బరి మొదళ్ళలో వెయ్యడానికని ఏటా నౌపడ ఉప్పు బస్తా ఒకటి కొని తోటలో పాకలో పెడతారు. తువ్వాలు అలాగే పట్టుకుని తోటకి వెళ్ళింది.

కామేశ్వరరావు పాక నీడలో పచ్చి మామిడికాయ ముక్కలు కోసుకుని కూర్చున్నాడు. పక్కన బస్తా మూతి విప్పి ఉంది. ఆమెని చూసి దొంగకి తేలు కుట్టినట్టు అలాగే ఉండిపోయాడు. నోట్లో ముక్క మింగాలో ఉమ్మాలో తెలియలేదు. బొడ్డమ్మ అరుస్తుందనుకున్నాడు. ఆమె అరవలేదు. తువ్వాలు ఆయన ఒళ్ళో పడేసి ఎదురుగా కూర్చుంది.

"సెట్టుకేసిన ఉప్పు తింటన్నావా మావా," అంది. "నీ కోసం నాను నోట్లో నిప్పు ఆర్పుకున్నాను. ముప్పయ్యెనిమిదేళ్ళ నిప్పు. దానికి నివ్వు నాకిచ్చింది ఇదా?"

ఆమె బుగ్గన చింతగింజ పక్కకి జరిగింది. ఆ మాటల కన్నా ఆ చింతగింజే కామేశ్వరరావుని ఎక్కువ పొడిచింది. నెల రోజులుగా ఆమె దాన్ని చప్పరించడం చూస్తూనే ఉన్నాడు, నవ్వుకున్నాడు కూడా. ఇప్పుడు సిగ్గేసింది. లేచి, మామిడి ముక్కలు దూరంగా విసిరేసి, బస్తా భుజానికెత్తుకుని, ఒక్కో చెట్టు మొదట్లో దోసిళ్ళతో పోసుకుంటూ పోయాడు. వేళ కాని వేళ ఎందుకు వేస్తున్నావని పక్క తోటవాళ్ళు అడిగితే ఇంకో చెట్టు దగ్గరికి నడిచాడు. బస్తా ఖాళీ అయ్యాక దులిపి ఆమె చేతికిచ్చాడు.

"ఇంక సెట్టు తిన్నా నాను తినను," అన్నాడు.

పదిహేను రోజులకి నూట నలభై ఎనిమిది. దసరా నాటికి నూట ముప్పై. డాక్టరమ్మ ఆ అంకె చెప్పిన రోజున బొడ్డమ్మ, సొంత జీడితోట ఉన్నా, పలాస బజారులో పావుకిలో జీడిపప్పు కొని, ఉప్పు వెయ్యనిది కావాలని కొట్టువాడితో పోట్లాడి తెచ్చింది. తిరుమలరావు కూడా అక్కగారి నసకి తట్టుకోలేక వెళ్ళి చూపించుకుంటే నూట అరవై ఉందన్నారు. బావ తింటున్న ఉప్పులేని గడ్డే తనకీ రాసిపెట్టి ఉందని వాపోతూ మాత్రలు మొదలెట్టాడు.

ఏడాది తిరిగాక బడి అరుగు మీద మళ్ళీ శిబిరం పెట్టారు. కాగితాల కోసం జనం మూగారు. నీదెంతొచ్చింది, నీదెంతొచ్చింది అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. బొడ్డమ్మ వంతు వచ్చింది. హిమజ కామేశ్వరరావు కాగితం తీసి, క్రియాటినిన్ చదవబోయింది.

"ముందు రెండోది సెప్పు తల్లీ," అంది బొడ్డమ్మ.

నూట ఇరవై ఎనిమిది అంది హిమజ. క్రియాటినిన్ అదే సున్నా పాయింటు తొమ్మిది. వెనక ఉన్న వాళ్ళు ఒకళ్ళ కాగితాల్లోకి ఒకళ్ళు తొంగిచూసి, రెండో అంకె ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు.

ఆ వారమే పెరట్లో కాయ రాశి పోశారు. ఏడాదిగా కామేశ్వరరావు లెక్కపెట్టడం లేదు. వేరే వాళ్ళ చేత పెట్టిస్తున్నాడు. వద్దని ఎవరూ అనలేదు, ఆయనకే భయం. ఆ రోజు తిరుమలరావు బతిమాలాడో, రాశి చూసి చేతులు ఊరుకోలేదో గానీ, పంచె ఎగగట్టాడు. బొడ్డమ్మ వంటింట్లో పులుసు గిన్నెలో గరిటె తిప్పుతోంది.

లాభం అని వినిపించింది. గరిటె ఆగింది. రెండు, మూడు, నాలుగు. బుగ్గన చింతగింజ కదలకుండా ఉండిపోయింది. తొమ్మిది. పది. ఆమె పొయ్యి మంట వైపు చూస్తూ కూర్చుంది. పది తరవాత ఎంత సేపు పట్టిందో ఆమెకే తెలియాలి.

పదకొండు. రాగం కూడా తప్పకుండా, పాత పదకొండే. పన్నెండు, పదమూడు అంటూ అది తన దారిన తను పోయింది. పులుసు అడుగంటిన వాసన వచ్చాక గానీ బొడ్డమ్మ గరిటె తిప్పలేదు.

అయిదో వంద సగంలో తిరుమలరావు అలవాటు కొద్దీ ఏదో కబురు మొదలుపెట్టాడు. లెక్క తప్పినట్టుంది బావా అన్నాడు. అని, నాలుక కరుచుకుని వంటింటి వైపు చూశాడు. పెరట్లో అందరూ తిట్ల కోసం సిద్ధంగా ఉన్నారు.

"మల్లీ మొదట్నించి లెక్కెట్టు మావా," అంది బొడ్డమ్మ లోపల్నించి. "అన్నం సల్లారిపోతే మల్లీ వండుతాను."